పౌడర్ వాసన ఐరిస్: డియోర్ ఓమ్ ఇంటెన్స్ కొనాలా, వాలెంటినో ఉవోమో ఇంటెన్స్ కొనాలా?

రెండు మణికట్ల మీద రెండు పర్‌ఫ్యూమ్‌లు కొట్టుకుని, ఒకసారి ఇటు ఒకసారి అటు ముక్కు పెట్టి, ఐదు నిమిషాలయ్యేసరికి ఏది ఏ చేతి మీద ఉందో మర్చిపోవడం ఈ జంటతో మామూలే. డియోర్ ఓమ్ ఇంటెన్స్, వాలెంటినో ఉవోమో ఇంటెన్స్. రెండింటినీ మగవాళ్ల వరుసలోనే పెట్టి అమ్ముతారు. రెండింటికీ ఐరిసే ప్రాణం. రెండూ కొట్టుకోగానే కొత్త లిప్‌స్టిక్ మూత తీసినట్టు, మేకప్ పెట్టె తెరిచినట్టు మెత్తటి పౌడర్ వాసన వస్తుంది. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదని చాలామంది అంటారు. నిజమే. ఆ ఒకటి ఏదో తేల్చుకోవడంలోనే ఉన్నాయి తిప్పలన్నీ.

నేనైతే తప్పుగా తేల్చుకున్నాను. మొదటి పావుగంట వాసన చూసి, తియ్యగా బాగుందని ఉవోమో ఇంటెన్స్ కొన్నాను. నెల తిరక్కుండానే మొహం మొత్తింది. సీసాలో తప్పేమీ లేదు. అదిప్పుడు మా చెల్లెలి దగ్గరుంది, తన మీద బ్రహ్మాండంగా ఉంటుంది. నేను చేసిన పొరపాటల్లా, రెండూ ఒకేలా ఉండే సమయంలో వాటిని పోల్చడం. ఈ రెండూ దారులు మారేది రెండు మూడు గంటల తర్వాత. ఏది కావాలో అప్పుడు చూసుకోవాలి.

## అసలీ పౌడర్ వాసన ఎక్కడిది

ఇది తెలిస్తే ఎంపిక సగం తేలికవుతుంది, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

ఐరిస్ అనగానే ఊదారంగు పువ్వు గుర్తొస్తుంది. పర్‌ఫ్యూమ్‌లోకి వెళ్లేది మాత్రం పువ్వు కాదు, నేలలో ఉండే దుంప. ఐరిస్ పాలిడా, ఐరిస్ జర్మానికా అనే రకాల దుంపల్ని తవ్వి, శుభ్రం చేసి, ఎండబెట్టి, ఏళ్ల తరబడి నిల్వ ఉంచుతారు. ఇటలీలోని ఫ్లోరెన్స్ పరిసరాలు ఈ పంటకు పాత పేరు. అప్పుడే తవ్విన దుంపకు చెప్పుకోదగ్గ పరిమళం ఉండదు. నిల్వలో ఉండగా దుంపలోని పదార్థాలు గాలి తగిలి మెల్లమెల్లగా మారి, 'ఐరోన్'లు అనే అణువులు తయారవుతాయి. మనకొచ్చే వాసన చాలావరకు వాటిదే. నాటాక తవ్వడానికి మూడేళ్లు, తవ్వాక నిల్వకు మరో రెండు మూడేళ్లు పడుతుంది. ఆవిరి పట్టి తీస్తే ఒక టన్ను ఎండు దుంపల నుంచి వచ్చేది సుమారు 2 కిలోలే. అది కూడా నూనెలా కారదు, గది వేడిమిలో వెన్నలా గడ్డకట్టి ఉంటుంది, అందులో మిరిస్టిక్ ఆమ్లం ఎక్కువ కాబట్టి. ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లు దాన్ని ఆరిస్ బటర్ అంటారు.

ఇంత అపురూపమైన సరుకును సీసాలకు సీసాలు నింపలేరు కదా. అందుకే ఐరిస్ అని రాసి ఉన్న చాలా పర్‌ఫ్యూమ్‌లలో ల్యాబ్‌లో తయారైన అణువులు కూడా పనిచేస్తుంటాయి. వాటిలో ముఖ్యమైనవి 'అయొనోన్'లు. 1893లో టీమాన్, క్రూగర్ అనే ఇద్దరు జర్మన్ రసాయన శాస్త్రవేత్తలు వయొలెట్ పువ్వుల వాసన రహస్యం కోసం వెతుకుతూ, పువ్వులు మరీ ఖరీదని వాటి బదులు దాదాపు అలాగే ఉండే ఐరిస్ దుంప మీద పనిచేశారు. ఐరోన్‌ను తయారుచేయబోతే దానికి దగ్గరి చుట్టమైన అయొనోన్ చేతికొచ్చింది. అప్పటినుంచి వయొలెట్ వాసన, ఐరిస్ వాసన మన ముక్కులో కలగలిసిపోయే ఉన్నాయి.

ఇక పౌడర్ సంగతి. ఎండిన ఐరిస్ దుంపను మెత్తగా దంచి ముఖానికి పూసుకునే పొడుల్లో, జుట్టుకు చల్లుకునే పొడుల్లో కలిపేవారు. ఆ వాసనకూ పౌడర్‌కూ అలా ముడిపడింది. లిప్‌స్టిక్‌లో మైనం, కొవ్వు వాసన తెలియకుండా అయొనోన్‌లనూ గులాబీ వాసననూ కలపడం తర్వాత వచ్చిన అలవాటు. అందుకే ఐరిస్ కొట్టుకుంటే కొందరికి 'అమ్మ మేకప్ పెట్టె' గుర్తొస్తుంది. కొందరికి అది ముచ్చట, కొందరికి ముసలితనం. దీనికి తర్కం లేదు, ఎవరి జ్ఞాపకం వాళ్లది.

మన పోలికకు కావలసిన విషయం ఇందులోనే ఉంది. ఐరిస్‌కు రెండు మొహాలున్నాయి. ఒకటి దుంప మొహం: పొడిగా, చల్లగా, మట్టిగా, పచ్చి క్యారెట్ తొక్క తీసినట్టుగా ఉంటుంది. రెండోది మేకప్ మొహం: మెత్తగా, నున్నగా, తీపి వైపు మొగ్గుతూ ఉంటుంది. ఈ రెండు సీసాల్లోనూ రెండు మొహాలూ ఉన్నాయి. కాకపోతే గంటలు గడిచేకొద్దీ డియోర్ దుంప వైపు జరుగుతుంది, వాలెంటినో మేకప్ వైపు, ఆ తర్వాత మిఠాయి వైపు జరుగుతుంది.

## ఇంత పోలిక ఎందుకు

వాలెంటినోది డియోర్‌కు కాపీ అని ఒకరు, కాదని ఒకరు వాదించుకుంటుంటారు. చుట్టరికం చూస్తే సంగతి తెలుస్తుంది. 2005లో డియోర్ ఓమ్ వచ్చింది, హెడీ స్లిమాన్ ఆ సంస్థలో మగవాళ్ల దుస్తుల విభాగాన్ని నడుపుతున్న రోజుల్లో. మగవాళ్ల సీసాలో లిప్‌స్టిక్ వాసన పెట్టడం అప్పట్లో సాహసమే. దాన్ని తయారుచేసింది ఒలివియే పోల్జ్. తొమ్మిదేళ్ల తర్వాత, 2014లో వచ్చిన వాలెంటినో ఉవోమో కూడా ఆయన చేతిదే. ఒకే చేతి రాత రెండు కాగితాల మీద పోలినట్టే ఉంటుంది మరి.

మనం మాట్లాడుకుంటున్న 'ఇంటెన్స్'లు ఆ రెండింటి తర్వాతి తరం. డియోర్ ఓమ్ ఇంటెన్స్ 2007లో ఫ్రాంస్వా దెమాషీ చేతిలో రూపుదిద్దుకుంది. ఉవోమో ఇంటెన్స్ 2016లో వచ్చింది. వీటిని అన్నదమ్ముల పిల్లలనుకోండి. ముక్కు తీరు ఒకటే, స్వభావాలు వేరు.

## ఏం చూసి ఎంచుకోవాలి

అన్నిటికంటే ముఖ్యం, ఆరాక ఏం మిగులుతుందన్నది. కొట్టుకున్న మొదటి అరగంట మీ పర్‌ఫ్యూమ్‌తో మీ పరిచయం, ఆ తర్వాత ఏడెనిమిది గంటలు కాపురం. నేను పరిచయం చూసి కాపురం పెట్టాను.

తర్వాత తీపి. మీరు తీపి వాసనను ఎంతసేపు భరించగలరో మీకు తెలిసే ఉంటుంది. వెనీలా కొవ్వొత్తి వెలిగించిన గదిలో గంటసేపు హాయిగా కూర్చోగలరా, పది నిమిషాలకే కిటికీ తెరుస్తారా? ఈ ఒక్క ప్రశ్నకు జవాబుతో సగం మందికి నిర్ణయం అయిపోతుంది.

మూడోది మీరు ఎక్కువగా ఉండే వేడి. వేడికి పర్‌ఫ్యూమ్ త్వరగా ఆవిరవుతుంది, ఒక్కసారిగా ఎక్కువ వాసన లేస్తుంది. చలిలో కమ్మగా అనిపించిన తీపి, ఎండలో గొంతు పట్టుకుంటుంది. ఈ రెండూ చలికాలానికి, సాయంత్రాలకు, ఏసీ గదులకు సరిపోయే బరువైన వాసనలే. ఎండను తట్టుకోవడంలో మాత్రం రెండూ సమానం కాదు.

నాలుగోది చుట్టూ ఉండే మనుషులు. వాసన మీ కోసమా, పక్కవాళ్ల కోసమా?

ఐదోది ఎవరూ పెద్దగా పట్టించుకోనిది, మీ ముక్కు. అయొనోన్‌లలో ఒకటైన బీటా అయొనోన్ అందరికీ ఒకేలా తెలియదు. ఓఆర్5ఏ1 అనే జన్యువులో చిన్న తేడా వల్ల కొందరికి అది ఘుమఘుమలాడే పువ్వులా, మరికొందరికి పుల్లగా, ఘాటుగా ఏదో ఉన్నట్టు అనిపిస్తుందని 2013లో ప్రచురించిన పరిశోధన తేల్చింది. మీ స్నేహితుడు 'స్వర్గం' అన్న ఐరిస్ మీకు వట్టి ఘాటుగా తగిలితే మీ అభిరుచిలో లోపమేమీ లేదు. దానర్థం ఇంకొకటి కూడా ఉంది: నేను రాసేదైనా, మరెవరు రాసేదైనా చదివి, వాసన చూడకుండా ఐరిస్ సీసా కొనకండి.

## డియోర్ ఓమ్ ఇంటెన్స్

మొదట లావెండర్ చురుగ్గా తగులుతుంది, కానీ అది రెండు మూడు నిమిషాల ముచ్చటే. దాని వెనకే ఐరిస్ వచ్చేస్తుంది, గదిలోకి పెద్దమనిషి వచ్చినట్టు నిదానంగా, అందరినీ సర్దుకోమన్నట్టు. సంస్థ చెప్పే దినుసుల్లో ఐరిస్ పక్కన కస్తూరి బెండ గింజ, బేరిపండు ఉంటాయి. అడుగున వర్జీనియా సీడర్, వట్టివేరు. కస్తూరి బెండ గింజల వాసన చర్మానికి అతుక్కున్నట్టు, కొంచెం పండులా, కొంచెం కస్తూరిలా ఉంటుంది. ఐరిస్ గాలిలో తేలిపోకుండా ఒంటి మీద నిలబెట్టేది అదేనని నాకు అనిపిస్తుంది. బేరిపండును విడిగా పట్టుకోవడం నా వల్ల కాలేదు.

గంట దాటాక ఇది తీపి తగ్గించుకోవడం మొదలుపెడుతుంది. దినుసుల పట్టికలో కోకో లేదు, కానీ నాకు తీపి లేని కోకో పొడి డబ్బా తెరిచినట్టు ఉంటుంది. లోపల కొంచెం చేదు, కొంచెం మట్టి. మూడో గంటకు వట్టివేరు, సీడర్ చెక్క పైకి వస్తాయి. వట్టివేరు పేరు చూసి చల్లటి తడి వాసన ఊహించుకోకండి. ఇక్కడ అది పొగలా, పొడిగా, అడుగున గీత గీసినట్టు ఉంటుంది. ఐరిస్ పోదు. చివరి వరకు ఉంటుంది. ఎనిమిది గంటల తర్వాత కూడా నా చొక్కా చేతి దగ్గర ముఖానికి వేసుకునే పౌడర్ దులిపినట్టు తెలుస్తూనే ఉంటుంది.

దీనితో ఇబ్బంది ఏమిటంటే, ఇది కాస్త బిగుసుకుని ఉంటుంది. ఇస్త్రీ నలగని బట్టల్లాంటి వాసన. టీ షర్టు వేసుకుని కొట్టుకుంటే నాకు నేనే వేషం వేసుకున్నట్టు అనిపిస్తుంది. ఐరిస్ అలవాటు లేని వాళ్ల దగ్గర "ఆడవాళ్ల మేకప్ వాసన వస్తోంది" అన్న మాట వినే అవకాశం కూడా దీనితోనే ఎక్కువ, ఎందుకంటే ఇందులో ఐరిస్‌ను దాచే తీపి తక్కువ. నేను విన్నాను. రెండోసారి అన్నప్పుడు అది మెప్పుగానే తీసుకున్నాను.

ఇంకో మాట. ఈ సీసా చాలా ఏళ్లుగా అమ్ముడవుతోంది, మధ్యలో ఫార్ములా మారింది. పాత సీసా వాడినవాళ్లు 'ఇప్పుడది అది కాదు' అని నిట్టూరుస్తుంటారు. కొత్తగా కొనేవాళ్లకు ఆ బెంగ అక్కర్లేదు. మీరు వాసన చూసిన సీసా, కొనే సీసా ఇప్పటివే అయితే చాలు. పదేళ్ల నాటి సమీక్ష చదివి ఇప్పటి సీసా కొంటేనే తేడా వస్తుంది.

## వాలెంటినో ఉవోమో ఇంటెన్స్

ఇది మాండరిన్ నారింజతో మొదలవుతుంది, పక్కన క్లారీ సేజ్ ఆకు. నారింజ ఉండబట్టే మొదటి క్షణాలు డియోర్ కంటే చనువుగా ఉంటాయి. వెంటనే అదే లిప్‌స్టిక్ ఐరిస్. అక్కడి నుంచి అరగంట వరకు, నిజం చెప్తున్నాను, కళ్లు మూసుకుని చెప్పమంటే నేను రెండింటినీ కలిపేస్తాను.

తర్వాత టోంకా గింజ అందుకుంటుంది. టోంకాలో కూమరిన్ అనే పదార్థం పుష్కలంగా ఉంటుంది. ఎండుగడ్డి, బాదం, వెనీలా మూడూ కలిసినట్టుండే వాసన దానిది. అది ఐరిస్ పౌడర్‌ను తడిపి ముద్ద చేసినట్టు అవుతుంది. పొడి పౌడర్ కాస్తా క్రీమ్ అయిపోతుంది. రెండో గంట దాటేసరికి వెనీలా, దాని కింద మెత్తటి తోలు. ఈ తోలు కొత్త చెప్పుల తోలు కాదు, చేతి తొడుగుల లోపలి వైపులా మృదువుగా ఉంటుంది. బాగుంటుంది. ఉవోమో ఇంటెన్స్‌లో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం ఆ తోలే. ఇంకొంచెం గట్టిగా ఉంటే ఈ సీసా నా దగ్గరే ఉండేదేమో.

ఐరిస్ ఏమవుతుంది? ఉంటుంది, కానీ తీపి దుప్పటి కప్పుకుని ఉంటుంది. నాలుగో గంటకు కొత్తవాళ్లెవరైనా వాసన చూస్తే 'వెనీలా' అంటారు తప్ప 'ఐరిస్' అనరు. ఐరిస్ కోసమే కొన్నవాడికి ఇది నిరాశ. వెనీలా ఇష్టమై, మామూలు వెనీలా పర్‌ఫ్యూమ్‌ల పిల్లతనం నచ్చనివాళ్లకు ఇదే వరం. మా చెల్లెలు రెండో రకం.

నాకు మొహం మొత్తిన రోజు బాగా గుర్తుంది. ఏసీ పనిచేయని కారు, మధ్యాహ్నం, కిటికీలు మూసి ఉన్నాయి, నేను ఎప్పటిలాగే నాలుగుసార్లు కొట్టుకున్నాను. అరగంటకు నా వాసన నాకే తలనొప్పి. తప్పు పర్‌ఫ్యూమ్‌ది కాదు, నాలుగుసార్లు కొట్టుకోవడానిది. కానీ అదే కారులో, అలాంటి మధ్యాహ్నమే, డియోర్‌ను మూడుసార్లు కొట్టుకుని వెళ్లాను. బరువనిపించింది గానీ తల పట్టలేదు. తీపికీ పొడిదనానికీ వేడిలో వచ్చే తేడా అదే.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| చూడాల్సింది | డియోర్ ఓమ్ ఇంటెన్స్ | వాలెంటినో ఉవోమో ఇంటెన్స్ |
|---|---|---|
| కొట్టుకోగానే | లావెండర్ చురుకు, వెంటనే లిప్‌స్టిక్ | మాండరిన్ నారింజ, వెంటనే లిప్‌స్టిక్ |
| మధ్యలో | ఐరిస్, కస్తూరి బెండ గింజ | ఐరిస్, టోంకా గింజ |
| ఆరాక | సీడర్, వట్టివేరు, పొడి పౌడర్ | వెనీలా, మెత్తటి తోలు |
| పౌడర్ తీరు | ముఖానికి వేసే పొడి పౌడర్ | క్రీమ్ లాంటి మేకప్ |
| తీపి | మొదట్లో కొంచెం, తర్వాత తగ్గుతుంది | మొదట్లో మధ్యస్థం, తర్వాత పెరుగుతుంది |
| వేడిలో | తక్కువ కొడితే సర్దుకోవచ్చు | వద్దు |
| నా ఒంటి మీద | ఎనిమిది గంటలు పైనే | సుమారు ఏడెనిమిది గంటలు |
| కొత్తవాళ్ల ముక్కుకు | అలవాటు కావాలి | వెంటనే నచ్చుతుంది |

పట్టికలో తీపి వరుస ఒక్కటి చూడండి చాలు. ఒకటి తగ్గుతూ పోతుంది, రెండోది పెరుగుతూ పోతుంది. అందుకే అవి మొదటి అరగంటలో ఎదురుపడి, తర్వాత మళ్లీ కలవవు.

నిలకడ గురించి ఎక్కువ ఆలోచించకండి. రెండూ బాగానే నిలుస్తాయి, గంట అటూ ఇటూ మీ చర్మాన్ని బట్టి ఉంటుంది. ఒక్క జాగ్రత్త: అయొనోన్ వాసనలకు ముక్కు త్వరగా అలసిపోతుంది. మీకు తెలియడం మానేసినంత మాత్రాన పక్కవాళ్లకు తెలియడం మానదు. గంట తర్వాత 'పోయింది' అనిపించి మళ్లీ కొట్టుకునే అలవాటుంటే, ఈ రెండింటితోనూ మానుకోండి. కొంతసేపటికి వాసన మళ్లీ దానంతట అదే తేలుతుంది.

## ఎవరికి ఏది

ఐరిస్ అంటేనే ఇష్టం, దాని కోసమే కొంటున్నారు అంటే రెండో ఆలోచన లేదు, డియోర్. మూడో గంటలో కూడా ఐరిస్ ఐరిస్‌గానే మిగిలేది అందులోనే.

ఐరిస్‌తో ఇదే మొదటి పరిచయమైతే నా సలహా మారుతుంది. ఉవోమో ఇంటెన్స్ చేయి పట్టుకుని నడిపిస్తుంది, తీపి తోడుంటుంది కాబట్టి బెదురు ఉండదు. ఏడాది వాడాక 'ఇందులో ఆ పౌడర్ భాగమే నాకు నచ్చుతోంది, మిగతాది ఎక్కువవుతోంది' అనిపిస్తే అప్పుడు డియోర్ వైపు వెళ్లొచ్చు. చాలామంది వెళ్లే దారి అదే, ఎదురుదారిలో వచ్చినవాళ్లు నాకు పెద్దగా తగల్లేదు.

ఆఫీసుకు రోజూ అంటే, మనసు చంపుకుని చెప్పాలంటే, రెండూ వద్దు. తప్పదంటే డియోర్, చొక్కా లోపల, ఛాతీ మీద రెండుసార్లు. నలుగురూ దగ్గరదగ్గరగా కూర్చునే చోట వెనీలా పక్కవాళ్ల మీద పడుతుంది, వాళ్లు మీకు చెప్పరు.

రాత్రి పూట బయటికి, చలిలో, ఒకరికి దగ్గరగా కూర్చునే సందర్భానికి అంటే ఉవోమో ఇంటెన్స్‌కు నా ఓటు. ఇక్కడ డియోర్ ఓడిపోతుంది. డియోర్‌ను దూరం నుంచి గౌరవిస్తారు, వాలెంటినోను దగ్గరికొచ్చి వాసన చూస్తారు. మెచ్చుకోళ్లే లెక్కయితే మా ఇంట్లో చెల్లెలే గెలిచింది, అది కూడా చాలా తేడాతో.

ఆడవాళ్లు కొనుక్కోవచ్చా అని అడుగుతుంటారు. సీసా మీద 'ఓమ్' అని, 'ఉవోమో' అని ఉంది, రెండింటికీ అర్థం మగవాడనే. లోపలున్నది మాత్రం లిప్‌స్టిక్, పౌడర్, వెనీలా. ఏ వరుసలో పెట్టి అమ్ముతున్నారన్నది అమ్మేవాళ్ల సమస్య. తీపి పర్‌ఫ్యూమ్‌లు అలవాటున్నవాళ్లకు ఉవోమో ఇంటెన్స్ అస్సలు పరాయిగా అనిపించదు. పొడిగా, కాస్త ముభావంగా ఉండేది కావాలంటే డియోర్.

రెండూ బరువనిపిస్తే మూడో దారి ఉంది, ప్రాడా. 2007లో వచ్చిన ఇన్‌ఫ్యూజన్ డీరిస్, 2016లో వచ్చిన ప్రాడా లోమ్ రెండూ డానియెలా ఆండ్రియే చేసినవే. అక్కడ ఐరిస్ సబ్బుతో కడిగి ఆరేసిన బట్టలా శుభ్రంగా, తేలిగ్గా ఉంటుంది. పగటిపూటకు, వేడికి, ఆఫీసుకు ఈ పోలికలోని రెండింటికంటే అవే నయం. అయితే ఆ లిప్‌స్టిక్ లోతు వాటిలో వెతక్కండి.

## పేర్లతో జాగ్రత్త

కొనే ముందు పేరు అక్షరం అక్షరం చదవండి. డియోర్ ఓమ్ అనే ఒక్క పేరు కింద చాలా సీసాలున్నాయి. 2020లో 'డియోర్ ఓమ్' పేరుతోనే పూర్తిగా వేరే పర్‌ఫ్యూమ్ తెచ్చారు. అది చెక్క వాసన ప్రధానంగా ఉండేది, అందులో మన పౌడర్ ఐరిస్ కోసం చూస్తే దొరకదు. 2005 నాటి ఐరిస్ పర్‌ఫ్యూమ్‌కు తర్వాత 'ఒరిజినల్' అన్న మాట తగిలించారు. 'పార్ఫమ్' (Parfum) అని పేరు చివర ఉండేవి కూడా రెండు: 2014లో వచ్చిన పాతది, 2025లో ఫ్రాన్సిస్ కుర్క్‌జాన్ చేసిన కొత్తది. మనకు కావలసినది 'ఇంటెన్స్'.

వాలెంటినోలో తిరకాసు ఇంకొంచెం ఎక్కువ. 'ఉవోమో ఇంటెన్స్' వేరు, 'ఉవోమో బోర్న్ ఇన్ రోమా ఇంటెన్స్' వేరు. రెండింట్లోనూ ఉవోమో ఉంది, రెండింట్లోనూ ఇంటెన్స్ ఉంది, రెండు సీసాలకూ మేకులు కొట్టినట్టుండే గరుకు గాజు. బోర్న్ ఇన్ రోమా వరుస ఐరిస్ పర్‌ఫ్యూమ్‌ల వరుస కాదు. కానుకగా ఇమ్మని ఎవరికైనా చెప్తుంటే పేరు నోటితో చెప్పకండి, సీసా ఫొటో పంపండి.

## ఎలా పరీక్షించాలి

కాగితం స్ట్రిప్ మీద చూసి తేల్చకండి. కాగితానికి ఒంటి వేడి ఉండదు, దాని మీద రెండూ ఎక్కువసేపు కవల పిల్లల్లా ఉండిపోతాయి. స్ట్రిప్ పనికొచ్చేది ఒక్కదానికే: ఐరిస్ అసలు మీకు పడుతుందా లేదా అని. పడకపోతే అక్కడితో ఆపేయొచ్చు, ఒంటి మీదికి వెళ్లక్కర్లేదు.

పడితే, ఒక రోజు ఒకటే. మొదటి రోజు డియోర్, ఒకే చేతి మీద, ఒక్కసారి. రెండో రోజు వాలెంటినో, అదే చేతి మీద, దాదాపు అదే సమయానికి. రెండూ ఒకేసారి కొట్టుకుంటే ముక్కు మొదటి పది నిమిషాల్లోనే అలసి, తేడా తెలియాల్సిన సమయానికి మొద్దుబారిపోతుంది. మణికట్లు రుద్దుకోవద్దు. కొట్టుకున్న వెంటనే ముక్కు పెట్టకుండా మీ పని మీరు చూసుకోండి, ఫోన్‌లో మూడు గంటలకు అలారం పెట్టుకోండి. అలారం మోగినప్పుడు వచ్చే వాసనకే మార్కులు వేయండి. నేను రెండో సీసా కొనేముందు ఇలాగే చేశాను. డియోర్ రోజున అలారం మోగాక మరో నాలుగుసార్లు చేయి వాసన చూసుకున్నాను. వాలెంటినో రోజున అలారం ఆపి చేయి కడుక్కున్నాను.

వీలైతే పెద్ద సీసాకు ముందు నమూనా సీసా వాడి, ఒక చల్లటి రోజు, ఒక వెచ్చటి రోజు రెండూ చూడండి. తెల్ల బట్టల మీద నేరుగా కొట్టకండి. వెనీలా వాసననిచ్చే వెనిలిన్ కాలక్రమేణా గోధుమరంగుకు తిరుగుతుంది, డియోర్ ద్రవం కూడా రంగున్నదే; రెండూ మరక పెట్టగలవు. నా చొక్కా ఒకటి అలాగే పోయింది, కాలర్ కింద లేత గోధుమరంగు చుక్కతో. దాన్ని ఇప్పటికీ స్వెట్టర్ లోపల వేసుకుంటుంటాను.